చిక్కుముడి దగ్గర కాసేపు

కోడ్ రాసే ఏఐ ఏజెంట్‌కి ఒక పని అప్పజెప్పి ఎంటర్ కొట్టాక అది ముగించేలోపు రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఒక్కోసారి పది, పదిహేను కూడా. ఆ కాసేపట్లో మనిషి ఏం చేస్తున్నట్టు? సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న మిత్రులు కలిసినప్పుడల్లా ఈ మధ్య నేను అడుగుతున్నది ఇదే. ఏ మోడల్ వాడుతున్నారు, వేగం ఎంత పెరిగింది, ఉద్యోగాలు ఉంటాయా ఊడతాయా అన్నవి అందరూ అడుగుతున్నారు, వాటికి జవాబులూ అందరి దగ్గరా తయారుగా ఉన్నాయి. దీనికి మాత్రం ముందు ఒక నవ్వు వస్తుంది, ఆ తర్వాత నిజం వస్తుంది. "ఏముంది, ఫోన్ చూసుకుంటాను." ఇంకొందరు పక్కనే మరో విండో తెరిచి మరో ఏజెంట్‌కి మరో పని చెబుతారు. అది నడుస్తుండగా మొదటిది ఆగి ఏదో అనుమతి అడుగుతుంది. దానికి సరే కొట్టి రెండోదాని దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఏం చెప్పామో గుర్తుండదు. ఒక స్నేహితురాలు అంది: "తెర మీద అక్షరాలు పరిగెడుతుంటే చూస్తూ కూర్చుంటాను. ఎన్ని విజిల్స్ వచ్చాయో లెక్కపెడుతూ కుక్కర్ దగ్గర నిలబడ్డట్టు. పని నేను చేస్తున్నట్టూ ఉండదు, చేయనట్టూ ఉండదు."

ఎదురుచూపు ఈ వృత్తికి కొత్తేమీ కాదు. పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు కంపైల్ కావాలంటే ఒకప్పుడు కిందకి వెళ్లి టీ తాగి, దారిలో ఇద్దరితో కబుర్లు చెప్పి కూడా రావచ్చు. ఎక్స్‌కేసీడీ అనే వెబ్ కామిక్‌లో 2007లో దీని మీద ఒక బొమ్మ వచ్చింది. ఇద్దరు ప్రోగ్రామర్లు ఆఫీసు కుర్చీలెక్కి కత్తియుద్ధం ఆడుకుంటుంటారు, పని చూసుకోమని కేకేసిన పై అధికారి కంపైల్ అవుతోందని తెలిసి ఊరుకుంటాడు. కానీ ఆ ఎదురుచూపు వేరు. అక్కడ కంపైల్ అవుతున్నది నేను రాసింది. ఆలోచన అప్పటికే నాలో జరిగిపోయింది, మెషీన్ దాన్ని సరిచూస్తోందంతే. టీ తాగుతున్నా, కత్తి తిప్పుతున్నా, 'ఆ మూడో ఫైల్లో ఏదో తేడా కొడుతోందే' అన్న గొణుగుడు లోపల నడుస్తూనే ఉండేది. ఎన్నో బగ్గులు ఆ టీ బండి దగ్గరే దొరికేవి. ఇప్పుడైతే ఆలోచించే పనే అవతల జరుగుతోంది. తలలో నానబెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. అందుకే చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. దాన్ని బద్ధకం అనడం అన్యాయం. మనసు చేతిలోంచి పని లాక్కుని ఊరికే కూర్చోమంటే అది మాత్రం ఏం చేస్తుంది?

ఈ మార్పు ఒక్కసారిగా వచ్చి పడలేదు. 2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రివ్యూగా వచ్చినప్పుడు మాకు కనిపించినవి బూడిదరంగు అక్షరాలు. ఫంక్షన్‌కి పేరు పెట్టి, లోపల ఏం రాయాలా అని ఒక్క క్షణం ఆగితే చాలు, మిగతాదంతా లేతరంగులో తెర మీద ప్రత్యక్షం. నచ్చితే ట్యాబ్ కొట్టు, లేదంటే నీ మానాన నువ్వు టైప్ చేసుకుంటూ పో. మొదట్లో ఒకరినొకరు పిలిచి మరీ చూపించుకున్నాం. పోనుపోను ఒక సంగతి అర్థమైంది. ఒక్క క్షణం ఆగుతామే, అసలు పని ఉండేది అందులోనే. ఈ లిస్టు ఖాళీగా వస్తే? ఒకే యూజర్ రెండుసార్లు నొక్కితే? ఇలాంటి అనుమానాలు తలెత్తేది అప్పుడే. సరిగ్గా అప్పుడే ఎవరో పూర్తి వాక్యం అందిస్తే, మన సగం ఆలోచన మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. నాకు తెలిసిన ఒకరిద్దరు ఆ సూచనలు వాటంతటవి రాకుండా ఆపేసి, ఒక కీ నొక్కితేనే వచ్చేలా పెట్టుకున్నారు. చిన్న సర్దుబాటే. ముందు నేను, తర్వాత నువ్వు అన్న వరస మాత్రం దాంతో తప్పిపోకుండా ఉంది.

తర్వాతివి అందరికీ తెలిసినవే. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. 2025 వచ్చేసరికి కర్సర్, క్లాడ్ కోడ్ లాంటివి ఫైళ్లు తామే వెతికి చదివి, మార్చి, టెస్టులు నడిపి, తప్పొస్తే మళ్లీ దిద్దుకునే దశకి చేరాయి. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆంద్రే కర్పతీ 'వైబ్ కోడింగ్' అన్న మాట పుట్టించాడు. కోడ్ అనేది ఒకటుందన్న సంగతే మరిచిపోయి, కావాల్సింది చెప్పుకుంటూ పోవడం. ఆయన ఆ మాట వాడింది వారాంతంలో సరదాగా చేసి పారేసే ప్రాజెక్టుల గురించి. మాట నిలిచింది, షరతు గాలికి పోయింది.

వీటివల్ల ఒరిగిందేమీ లేదని నేననను. అలా అనేవాళ్లు ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన షెల్ స్క్రిప్టుతో ఒక రాత్రంతా కుస్తీ పట్టి ఉండరు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు, బిల్డ్ ఫైళ్లు, సర్టిఫికెట్ల గొడవ, ఒక లైబ్రరీ వెర్షన్ పెంచితే పడిపోయే ఇంకో పది లైబ్రరీలు - ఇవన్నీ పోరాడితే జ్ఞానం వచ్చే రకం కాదు, విసుగు వచ్చే రకం. వాటిని ఏజెంట్‌కి వదిలేసి నేను సుఖంగా ఉన్నాను, ఇందులో నాకు అపరాధ భావన ఏమీ లేదు. తెలియని భాషలో ఉన్న ప్రాజెక్టు తెరవాలంటే ఉండే జంకు పోయింది. ఇది చిన్న లాభం కాదు.

ఇంకో లాభం మనవాళ్లకి ప్రత్యేకం. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో ఏ బ్యాచ్‌లోకి తొంగిచూసినా, వెనక బెంచీల్లో కొందరుండేవాళ్లు. తెలుగు మీడియంలో చదివి, జిల్లాల నుంచి వచ్చి, ఇంగ్లీషులో ప్రశ్న అడగడానికి నోరు రాక, అనుమానాన్ని అలాగే గదికి మోసుకుపోయేవాళ్లు. 2008లో జోయెల్ స్పోల్‌స్కీ, జెఫ్ అట్‌వుడ్ కలిసి స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టాక ప్రపంచంలోని ప్రోగ్రామర్లందరికీ ఒక రచ్చబండ దొరికింది గానీ, అక్కడా ఇంగ్లీషులో పద్ధతిగా అడగాలి. సరిగ్గా అడగకపోతే ప్రశ్న మూసేస్తారు, అడిగినవాడు మళ్లీ ఆ ఛాయలకి రాడు. ఇప్పుడు అదే పిల్లాడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి 'ఇక్కడ నల్ ఎందుకొస్తోందో అర్థం కావట్లేదు, చిన్న ఉదాహరణతో చెప్పు' అంటే ఏఐ చెబుతుంది. అదే ప్రశ్న నాలుగుసార్లు అడిగినా చిరాకు పడదు. సిగ్గు పడాల్సిన పని లేకుండా నేర్చుకునే వీలు ఎంత పెద్దదో, ఆ సిగ్గు ఎరిగినవాళ్లకే తెలుస్తుంది.

అయితే అడగడం ఒకటి, ఇరుక్కోవడం ఇంకొకటి. రెండోది పోతోందన్నదే నా చింత.

మా పక్క టీమ్‌లో ఒక కుర్రాడు చూసిన బగ్ గురించి చెప్పాలి. క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ అది. కొన్ని బుకింగులు ఒకరోజు ముందుకి జరిగిపోతున్నాయి. పదో తారీఖు ఎంచుకుంటే తొమ్మిదిగా నమోదవుతోంది. అన్నీ కాదు, మొబైల్ యాప్‌లో చేసినవి బాగానే ఉన్నాయి, వెబ్‌సైటులో చేసినవే తేడా. ఏజెంట్‌కి చెప్పాడు. అది కాసేపు ఫైళ్లన్నీ తిరిగొచ్చి, సర్వర్‌లో తేదీ కత్తిరించే చోట ఐదున్నర గంటలు కలిపింది. టెస్టులు రాసింది, అన్నీ ఆకుపచ్చగా వెలిగాయి. ఎందుకు అలా చేసిందో పేరా రాసి వివరణ కూడా ఇచ్చింది. చదివితే తప్పు పట్టడానికేమీ లేదు. మన దేశం టైము ప్రపంచ ప్రమాణ సమయం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది కదా, కలిపితే సరిపోతుంది.

కుర్రాడు ఆ మార్పుని అసలు కోడ్‌లో మెర్జ్ చేయలేదు. ఎందుకు చేయలేదని తర్వాత అడిగితే అతని దగ్గర గొప్ప కారణమేమీ లేదు, 'ఎక్కడో నచ్చలేదన్నా' అన్నాడు. తెల్లకాగితం తీసుకుని ఒకే ఒక్క బుకింగ్ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో బాణాలు గీసుకున్నాడు. బ్రౌజర్, అక్కడి నుంచి సర్వర్, అక్కడి నుంచి టేబుల్. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, బటన్ నొక్కి, పంపుతున్నది చూశాడు. తొమ్మిదో తారీఖు, 18:30. ఆ పద్దెనిమిదిన్నర కనపడగానే సగం విషయం తేలిపోయింది. యూజర్ ఎంచుకున్నది పదో తారీఖు, అంతే. గంటలూ నిమిషాలూ అతను చెప్పలేదు. బ్రౌజర్ దానికి అర్ధరాత్రి పన్నెండు తగిలించి, దాన్ని ప్రపంచ ప్రమాణ సమయంలోకి మార్చి, ముందురోజు సాయంత్రం ఆరున్నర చేసి పంపుతోంది. సర్వర్ తేదీ ముక్క మాత్రం కత్తిరించి దాచుకుంటోంది. మొబైల్ యాప్ మొదటి నుంచీ తేదీని తేదీగానే పంపుతోంది, అందుకే దానికి ఏ గొడవా లేదు.

మరి ఐదున్నర గంటలు కలిపితే నష్టమేమిటి? హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఏమీ లేదు. సింగపూర్‌లో ఉన్న కొడుకు ఇక్కడి అమ్మకి అపాయింట్‌మెంట్ పెడితే, అక్కడి అర్ధరాత్రి ప్రమాణ సమయంలో ముందురోజు సాయంత్రం నాలుగు అవుతుంది. దానికి ఐదున్నర కలిపితే రాత్రి తొమ్మిదిన్నర. తారీఖు ఇంకా తొమ్మిదే. పదో తారీఖున డాక్టరు గుమ్మంలో ఆవిడ కూర్చుంటుంది, పేరు నిన్నటి జాబితాలో ఉంటుంది. అసలు మందు ఎక్కడో వేరేచోట ఉంది: ఆ తేదీని గడియారంతో ముడిపెట్టకుండా, ఉట్టి తేదీగానే ప్రయాణం చేయించాలి. మార్చాల్సింది బ్రౌజర్ వైపు రెండు లైన్లు.

ఏజెంట్ తప్పు చేసిందని చెప్పడానికి ఈ కథ చెప్పలేదు. ఇంకాస్త వివరంగా అడిగితే అదీ సరైన చోటికే వచ్చేదేమో. రేపొచ్చే మోడల్ మొదటిసారే పట్టేస్తుందేమో కూడా. నన్ను ఆకట్టుకున్నది ఆ మధ్యాహ్నం తర్వాత కుర్రాడు మారిన తీరు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ తేదీ క్యాలెండర్‌ది, ఏది గడియారానిది అన్నది అతనికి ఇప్పుడు కంఠతా వచ్చు. మందుల గడువు తేదీ, రిపోర్టు వచ్చిన సమయం, బిల్లు తారీఖు, ఏది దేనికింద వస్తుందో ఎవరు అడిగినా అతన్నే అడుగుతున్నారు. ఆ జ్ఞానం ఏ ఫైల్లోనూ లేదు. కాగితం మీద బాణాలు గీసుకుంటూ, నెత్తి గోక్కుంటూ ఉన్న ఆ గంటల్లో తయారైంది.

డెన్మార్క్‌కి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసం రాశాడు. ప్రోగ్రామ్ అంటే కోడ్ కాదని, రాసినవాళ్ల తలలో ఏర్పడే అవగాహనే అసలు ప్రోగ్రామ్ అని ఆయన వాదన. కోడూ, డాక్యుమెంట్లూ దాని నీడలు మాత్రమే. ఆ మనుషులు చెదిరిపోతే ప్రోగ్రామ్ చచ్చిపోయినట్టే, సర్వర్ మీద అది ఎంత చక్కగా నడుస్తున్నా సరే. నలభై ఏళ్ల పాటు ఆ మాట ఉద్యోగాలు మారేవాళ్ల గురించి అన్నట్టుగానే వినపడేది. మనుషులెవరూ ఎక్కడికీ వెళ్లకుండానే, అదే కుర్చీల్లో కూర్చుని ఉండగానే, అవగాహన పలచబడిపోయే రోజు వస్తుందని మాలో ఎవరం అనుకోలేదు.

కొలతలు ఏం చెబుతున్నాయి? 2025 జూలైలో మీటర్ అనే అమెరికన్ పరిశోధన సంస్థ ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్లు, వాళ్లు ఏళ్లుగా ఎరిగిన సొంత ప్రాజెక్టులు, మొత్తం 246 పనులు. ఏ పనికి ఏఐ వాడవచ్చో, దేనికి వాడకూడదో చీటీ తీసినట్టు నిర్ణయించారు. పనికి ముందు వాళ్లని అడిగితే ఏఐతో 24 శాతం సమయం మిగులుతుందన్నారు. అంతా అయ్యాక అడిగితే 20 శాతం మిగిలిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది. దీన్ని పట్టుకుని ఏఐ దండగ అని ఊరేగినవాళ్లు చాలామందే. అంత తేల్చిచెప్పడానికి 16 మంది సరిపోరు. పైగా వాళ్లవి తమకి అరచేతి గీతల్లా తెలిసిన కోడ్లు, అప్పటి పనిముట్లు. నాకు అందులో పట్టుబడ్డ విషయం ఇంకొకటి. పని ముగించి కుర్చీలోంచి లేచినవాడికి కూడా తన సమయం ఎటు పోయిందో తెలియలేదు. ఎక్కువ సమయం పట్టినా తేలిగ్గా గడిచిందంటే, మధ్యలో ఎక్కడో అతను అక్కడ లేడు. అలసట తగ్గిందన్న భావనని వేగం పెరిగిందన్న భావనగా మనం పొరబడుతున్నామేమో.

అలసట నిజంగా తగ్గిందా అంటే, అదీ అనుమానమే. రూపం మారింది. ప్రోగ్రామర్, వ్యాసకర్త పాల్ గ్రాహమ్ 2009లో ఒక తేడా చెప్పాడు. మేనేజర్ల రోజు గంటల ముక్కలుగా ఉంటుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకడమే వాళ్ల పని. తయారుచేసేవాళ్లకి పూటలు కావాలి, మధ్యలో ఒక్క మీటింగ్ పడితే ఆ పూట పోయినట్టే. పదిహేనేళ్లుగా మేమంతా ఈ మాటని కవచంలా వాడుకున్నాం, 'మధ్యాహ్నం దాకా నన్ను కదపకండి' అనడానికి. ఇప్పుడు మేనేజర్ ఎవరూ పిలవకుండానే, మీటింగ్ ఏదీ లేకుండానే, మా రోజు ముక్కలైంది. మూడు ఏజెంట్లకి పని చెప్పి, ముగ్గురు కింది ఉద్యోగుల్ని అజమాయిషీ చేస్తున్నట్టు ఒకరి తర్వాత ఒకరి దగ్గరికి తిరగడం. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు అదే 2009లో చూపించిన సంగతి ఉంది: ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళితే, మనసులో కొంత మొదటిదాని దగ్గరే ఉండిపోతుంది. అలా మూడుచోట్ల కొంత కొంత వదిలేసుకున్నవాడికి సాయంత్రానికి తనదంటూ ఏం మిగులుతుంది? పూర్వం రోజంతా ఒకే చిక్కుతో పెనుగులాడితే ఒళ్లు అలిసేది, అందులో ఒక తృప్తి ఉండేది. ఈ అలసట ఒప్పుకోవాలా వద్దా అని వందసార్లు తేల్చుకున్నవాడి అలసట. పైగా ఆ తేల్చుకోవాల్సినవి చాలావరకు దాదాపు సరిగ్గా ఉంటాయి, అదే చిక్కు. స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్ల 2025 సర్వేలో ఏఐతో వచ్చే విసుగు ఏమిటని అడిగితే, 66 శాతం మంది ఎంచుకున్న జవాబు ఇదే: ఇచ్చింది ఇంచుమించు బాగానే ఉంటుంది, పూర్తిగా కాదు. పూర్తిగా తప్పైనదాన్ని తోసేయడం సులువు.

రివ్యూ చేయాలంటే చూపు పదునుగా ఉండాలి, ఆ పదును చేసే పనిలోంచే వస్తుంది. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే, ఫ్యాక్టరీల కంట్రోల్ రూముల గురించి ఇది రాసింది. సులువైన పని మెషీన్‌కి ఇచ్చి, కష్టమైనప్పుడు మాత్రం మనిషి కలగజేసుకోవాలంటారు, ఆ కష్ట సమయానికి కావాల్సిన సాధన మాత్రం అతని చేతిలో ఉండదు. ఇటీవలి నిదర్శనం పోలెండ్ నుంచి వచ్చింది, అదీ వైద్యుల దగ్గర్నుంచి. కొలనోస్కోపీలో పేగు లోపలి అనుమానపు గడ్డల్ని పట్టే ఏఐ అలవాటయ్యాక, అది లేకుండా అదే డాక్టర్లు చేసిన పరీక్షల్లో గడ్డలు పట్టుకున్న రేటు 28.4 శాతం నుంచి 22.4కి పడిపోయిందని 2025 ఆగస్టులో ప్రచురించారు. కారణం అలవాటొక్కటేనని అలాంటి అధ్యయనం రుజువు చేయలేదు. అయినా ఆ అంకెలు చదివిన రోజు నేను కాసేపు వేరే పని చేయలేకపోయాను. వాళ్లు కుర్రకారు కాదు, చేయి తిరిగినవాళ్లు.

ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వృత్తిలో ఆఫీసూ ఇల్లూ విడిగా ఉన్నదెప్పుడు. పూర్వం బగ్ మనతోపాటు ఇంటికొచ్చేది. అన్నం కలుపుతూ అదే ఆలోచన, స్నానం చేస్తూ అదే. మా ఇంట్లో దీని మీద ఫిర్యాదులుండేవి, న్యాయమైనవే. 'మీరిక్కడ లేరు' అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఏజెంట్లు వచ్చాక బగ్ ఇంటికి రావడం తగ్గింది, నాదైతే కదా వచ్చేది. ఇది బాగుందని ఇంట్లోవాళ్లు అంటే కాదనలేను. కానీ ఇప్పుడు ఫోన్‌లోంచే ఏజెంట్‌ని నడపొచ్చు. పెళ్లి భోజనాల దగ్గర, పప్పు వడ్డించేలోపు, బల్ల కింద ఫోన్ పెట్టి అనుమతి బటన్ నొక్కుతున్నవాళ్లని చూశాను. ఆలోచనలో మునిగి పరధ్యానంగా ఉన్న మనిషికీ, ఆలోచనే లేకుండా పరధ్యానంగా ఉన్న మనిషికీ మధ్య ఎవరిని ఎంచుకోమన్నా ఇంట్లోవాళ్లకి కష్టమే.

ఏం చేస్తున్నావని అడిగితే, నా దగ్గర పద్ధతి అనదగ్గదేమీ లేదు, నాలుగైదు అలవాట్లున్నాయి. కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. వారానికి ఒకరోజు ఏఐ ముట్టకూడదన్న వ్రతం నిలవలేదు. అది నాకు మొదటి నుంచీ నచ్చలేదు కూడా, శనివారం ఉపవాసం ఉండి ఆదివారం రెట్టింపు తినే బాపతు. నిలిచింది ఒక నోటుపుస్తకం. ఏ పనైనా ఏజెంట్‌కి చెప్పే ముందు చేత్తో నాలుగు ముక్కలు రాసుకుంటాను: ఇక్కడ ఏం జరుగుతోందని నేననుకుంటున్నాను, ఏయే ఫైళ్లు మారాలి, నేననుకున్నది తప్పైతే ఎలా తెలుస్తుంది. అందమైన దస్తూరీ అక్కర్లేదు. దీని ఫలితం నేననుకున్న చోట కాకుండా ఆ ఎదురుచూసే నిమిషాల్లో కనిపించింది. రాసుకున్నది ముందుంటే, ఏజెంట్ పని చేస్తున్నంతసేపూ నాకూ పని ఉంది. నా ఊహ నిలుస్తుందా లేదా అన్న కుతూహలం ఉంది. తిరిగొచ్చిన కోడ్‌ని పరీక్ష పేపర్ దిద్దినట్టు చూడను, నా జవాబు పక్కన పెట్టి పోల్చుకుంటాను. రెండూ ఒకటైతే రివ్యూ తొందరగా అయిపోతుంది. వేరైతే ఎవరో ఒకరి దగ్గర నేర్చుకునేది ఉన్నట్టు, ఒక్కోసారి అది నేనే.

ఒకసారికి ఒకే ఏజెంట్ అన్నది రెండోది. దీనికి చాలా వెక్కిరింతలు పడ్డాను. పక్కవాళ్లు నాలుగు నడుపుతుంటే ఒకటి నడపడం, ఎక్స్‌ప్రెస్ హైవే మీద ఎడ్లబండి అన్నారు. నాలుగు నడిపేవాళ్లని నేను తప్పు పట్టను. విడివిడిగా ఉన్న చిన్న మార్పులైతే, చూడగానే తప్పొప్పులు తెలిసేవైతే నడపనీ. డబ్బు లెక్కలు, తేదీలు, ఎవరు ఏది చూడొచ్చన్న హక్కులు - వీటి దగ్గర మాత్రం ఒకటే, అదీ పక్కన కూర్చుని.

అన్నిటికంటే కష్టమైన అలవాటు, అడగకుండా కాసేపు ఉండటం. చిక్కు కనపడగానే చాట్ పెట్టె వైపు చెయ్యి పోతుంది, ఆ చెయ్యిని ఆపడానికి ఏ నియమమూ పని చేయదు. నాకు పని చేసింది ఒక్కటే: మనిషికి చెప్పడం. పక్కసీటులో ఉన్నవాణ్ని 'ఒక్క నిమిషం ఇలా రా' అని పిలిచి సమస్య చెబుతుంటే, సగంలో ఉండగానే జవాబు నాకే తోచడం ఎన్నోసార్లు జరిగింది. అతను నోరు విప్పే పనే ఉండదు. ఇది అందరికీ అనుభవమే, ప్రోగ్రామర్లు రబ్బరు బాతుకి చెప్పుకోవడమని దీనికి పేరు కూడా పెట్టారు. బాతు గొప్పతనం అది తిరిగి జవాబివ్వకపోవడమే. ఏజెంట్‌తో వచ్చిన ఇబ్బందల్లా, చెప్పడం మొదలుపెట్టగానే జవాబు ఇచ్చేస్తుంది. మనం చివరిదాకా చెప్పుకునే అవకాశం రాదు.

ఇదంతా నాలాంటివాళ్ల సంగతి. మేం ఇరుక్కోవాల్సినంత ఇరుక్కునే పైకొచ్చాం, ఇప్పుడు దాన్ని వదులుకోవాలా అట్టేపెట్టుకోవాలా అన్న ఎంపిక ఉంది. కొత్తగా చేరేవాళ్లకి ఆ ఎంపిక ఎవరిస్తున్నారు? చేరిన మొదటి నెల నుంచే వాళ్ల మీద టిక్కెట్ల లెక్క ఉంటుంది. కాగితం తీసి బాణాలు గీసే కుర్రాణ్ని ఆ లెక్క ముందు నిలబెడితే వెనకబడ్డవాడిలా కనిపిస్తాడు.

మా టీమ్‌లో ఈ ఏడాది కాలేజీ నుంచి నేరుగా వచ్చిన ఒకమ్మాయి ఉంది. నోటుపుస్తకం సంగతి చెబితే సూటిగా అడిగింది: "అన్నా, ఏజెంట్ ఐదు నిమిషాల్లో చేసేదానికి నేను రెండు గంటలు కూర్చోవడం ఎందుకు? మీరైతే ఓకే అంటారు, మేనేజర్ అంటారా?" అనరు. ఆ మాటే చెప్పాను. ఎక్కువ పనులకి అక్కర్లేదు, ఇచ్చెయ్యి, హాయిగా ఇచ్చెయ్యి అన్నాను. మొత్తం సిస్టమ్‌లో ఏదో ఒక్క మూల మాత్రం నీదని పెట్టుకో. ఆ మూలలో ఏది విరిగినా ముందు నువ్వే చూడు, చేత్తో చూడు, ఎంతసేపైనా సరే. ఆ గంటలు నా ఖాతాలో రాయించే పూచీ నాది. ఏ మూల అన్నది నేను చెప్పను, నువ్వే చూసుకో.

రెండు రోజులు ఆలోచించి వచ్చి రీఫండ్ల మాడ్యూల్ కావాలంది. అది ఉన్నవాటిలోకెల్లా పాతది, ముగ్గురి చేతులు మారింది, డబ్బు వెనక్కి పోయే దారులు అందులో ఎన్నున్నాయో మాలో ఎవరికీ పూర్తిగా తెలియదు. వేరేది ఏదైనా తీసుకోకూడదా, దాంతోనే ఎందుకు మొదలన్నాను.

"అది ఎవరికీ అర్థం కాదని అందరూ అంటున్నారు కదన్నా," అంది.